కుర్చీ వదలడం ఎలాగంటే

చిరంజీవి చిన్నాకి బాబాయి ఆశీస్సులు.

పొద్దున గంట నడుస్తున్నాను కదా, ఆ తర్వాత కూర్చుంటే ఏమవుతుందని అడిగావు. నడక మానకు. కానీ తొమ్మిది గంటలు కుర్చీకి అతుక్కుపోతే ఆ ఒక్క గంటా దాన్ని పూర్తిగా సరిచెయ్యకపోవచ్చు. పిక్కల కండరాలు కదిలినప్పుడే కాళ్లలో రక్తం పైకి బాగా ఎక్కుతుంది. తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేవీ కండరాలే. కూర్చున్నంతసేపూ రెండూ మందగిస్తాయి. సాయంత్రానికి పాదాలు బరువెక్కి సాక్సు అచ్చు పడేది అందుకే.

అరగంటకోసారి లేచి ఐదు నిమిషాలు నడువు. 2023లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు రకరకాల విరామాలు పెట్టి చూస్తే, చక్కెరా బీపీ రెండూ బాగా తగ్గింది ఈ కొలతకే. మీటింగులుంటే రెండు నిమిషాలైనా సరే, గంట మాత్రం దాటనివ్వకు.

ఫోన్లో అలారం పెడితే నాలుగో రోజుకల్లా చూడకుండానే నొక్కేస్తావు. లేవక తప్పని ఏర్పాట్లు చేసుకో. బల్ల మీద రెండు లీటర్ల సీసా తీసేసి చిన్న గ్లాసు పెట్టు, నీళ్ల క్యాను వంటింట్లోనే ఉండనీ. గ్లాసు ఖాళీ అయితే ఓసారి లేస్తావు, తాగిన నీళ్లు ఇంకోసారి లేపుతాయి. ఛార్జరు హాల్లో పెట్టు. కెమెరా అక్కర్లేని కాల్స్ వరండాలో తిరుగుతూ మాట్లాడు. మ్యూట్ మర్చిపోకు, లేకపోతే కుక్కర్ విజిల్స్ మీ మేనేజర్ కూడా లెక్కపెడతాడు.

అన్నిటికన్నా ముఖ్యం మధ్యాహ్న భోజనం తర్వాతి సమయం. పెరుగన్నం తిని కుర్చీలో వాలకు. కంచం నువ్వే కడిగి, పది నిమిషాలు మేడ మీద పచార్లు చెయ్యి. కునుకు ఆ తర్వాతే.

నిలబడి పనిచేసే బల్ల ఇప్పుడే కొనకు. మొదటి రోజే మూడు గంటలు నిలబడి, మడమ నొప్పి పుట్టి మానేసేవాళ్లుంటారు. కదలకుండా నిలబడితే కాళ్ల నరాలు ఉబ్బే ముప్పూ ఉంది. ముందు ఇస్త్రీ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి పూటకు 15 నిమిషాలు చూడు. కీబోర్డు మోచేతి ఎత్తుకి రావాలి, భుజాలు పైకి లేస్తే బల్ల దించు. ఆ ఎత్తులో స్క్రీను కిందికి పోయి మెడ వంగుతుంది కాబట్టి అంతకన్నా ఎక్కువసేపు వద్దు. గచ్చు మీద మెత్తటి చెప్పులు వేసుకో.

వదినకి షుగర్ కదా, సీరియల్లో యాడ్స్ వచ్చినప్పుడల్లా లేచి వంటింటి దాకా వెళ్లి రమ్మను. రిమోట్ టీవీ పక్కనే పెట్టెయ్.

ఇట్లు,
బాబాయి