ఐదో నెలలో దగ్గుకి అడ్డసరం కషాయం తాగొచ్చా?

అమ్మా, ఐదో నెల, దగ్గు తగ్గట్లేదు, అత్తగారు అడ్డసరం ఆకు కషాయం కాచి నిన్న ఒక గ్లాసు ఇచ్చారు, ఇంకా తాగొచ్చా అని అడిగావు. వద్దు. ఇంక ఒక్క గుక్క కూడా తాగకు. అత్తగారి మాట తప్పని కాదు, దగ్గుకి అది మంచి మందే. కడుపుతో ఉన్నవాళ్లకి మాత్రం పనికిరాదు.

మేం ఉండేది చెన్నైలో, వెస్ట్ మాంబళంలో. కుండీలో ఈ మొక్క పెంచేవాళ్లం. తమిళంలో ఆడాతోడై అంటారు, మేక కూడా ముట్టనిదని అర్థం చెప్తారు. అంత చేదు మరి. మా నాన్నకి కఫం పట్టినప్పుడల్లా రెండు ముదురాకులు తుంచి, గ్లాసు నీళ్లు సగమయ్యేదాకా మరిగించి, గోరువెచ్చగా అయ్యాక తేనె కలిపి ఇచ్చేదాన్ని. రెండు మూడు రోజుల్లో కఫం తెగిపడేది.

తర్వాత మా చెల్లి పురిటికి వచ్చింది. దానికీ దగ్గే. అప్పటికి మొక్క ఎండిపోయింది, నాట్టు మరుందు కొట్టుకి, అంటే నాటు మందుల దుకాణానికి, వెళ్లి ఎండాకు అడిగాను. పెద్దాయన పొట్లం కడుతూ ఎవరికమ్మా అన్నారు. చెల్లికి, ఏడో నెల అన్నాను. కట్టిన దారం విప్పి, ఆకంతా మళ్లీ డబ్బాలో పోసేశారు. గర్భసంచి ముడుచుకుంటుంది, ఇవ్వను అన్నారు.

డాక్టరమ్మని అడిగితే ఆవిడా అదే మాట. ఈ ఆకులో వాసిసిన్ అనే పదార్థం ఉంటుంది. ఊపిరి గొట్టాలను వదులు చేసేదీ అదే, గర్భసంచిని బిగించేదీ అదే. దగ్గు సిరప్పుల్లో ఉండే బ్రోమ్‌హెక్సిన్, ఆంబ్రాక్సాల్ కూడా వాసిసిన్‌ని ఆధారం చేసుకుని తయారైనవే. ఆకే కదా, ఏం చేస్తుందిలే అనుకునే మొక్క కాదిది. అలాగని షాపులో సిరప్ కొని తాగెయ్యకు, అదీ డాక్టర్ని అడిగాకే.

మా చెల్లికి ఉప్పునీళ్లు పుక్కిలించడం, ఉత్త నీళ్ల ఆవిరి, వీటితోనే తగ్గింది. నీకు దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించుకో, టీబీ కాదని తేలాలి. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు తీసుకోరు. కళ్లెలో రక్తపు చార కనబడితే అన్నాళ్లు ఆగొద్దు.

నిన్న తాగిన గ్లాసు సంగతి ఈరోజే మీ డాక్టర్‌కి చెప్పు, దాచకు. పొత్తికడుపు బిగపట్టినట్టున్నా, కాస్త రక్తం కనబడినా, రాత్రయిందని చూడకుండా ఆసుపత్రికి వెళ్లు తల్లీ.