జింక వేటకు విస్కర్ బిస్కెటా, డ్రాప్ అవేనా? (సమాధానం)

తమ్మీ, టెక్సస్ల కాంపౌండ్ బో (కప్పీలున్న విల్లు) తోని జింక వేటకు పోతున్నా, బాణం మాటిమాటికి రెస్ట్ (బో మీద బాణం ఆనే పట్టు) మీదికెల్లి జారిపడుతుంది, విస్కర్ బిస్కెట్, డ్రాప్ అవే రెస్ట్‌లల్ల ఏది మంచిదని అడిగినవ్ కదా. నీ లొల్లికి విస్కర్ బిస్కెటే మందు. చుట్టూ కుచ్చు ఉంటది, బాణం మధ్యల ఇరికి ఉంటది, స్టాండ్ (వేట మంచె) మీద వంగినా తిరిగినా పడదు, కదిలే పార్ట్ లేదు గాబట్టి కరాబయ్యేది కూడా ఏం లేదు. బాణం తోక ఈకలు కుచ్చుకు రాసుకొని జెర స్పీడ్ తగ్గుతది, అరుగుతయ్ గూడ, గట్టి వేన్లు (ప్లాస్టిక్ ఈకలు) పెట్టుకో, 20 గజాల షాట్‌ల ఆ తేడా ఏం తెల్వది.

డ్రాప్ అవే అయితే బాణం వదలంగనే రెస్ట్ కిందికి పడుతది, ఈకలకు ఏదీ తగలదు, మస్తుంటది, కానీ రెస్ట్‌ను లేపి దించే తాడు టైమింగ్ కుదరాలె, లూజ్ అయితే బాణం ఎటు పోతదో ఎవలకెరుక. కొత్తోనికి అంత తలనొప్పి ఎందుకు.

(గదంతా ఆడనే, సెలవులకు మన పాలమూరొచ్చి అమ్రాబాద్ పులుల అడవి దిక్కు బో పట్టుకపోయేవు, 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం కింద జైలుకు పోతవ్.)

ఏది బిగించినా కాగితం ఫ్రేమ్‌కి పెట్టి దగ్గరికెల్లి బాణం కొట్టి చూడు, కాగితం చినుగు పక్కకు పోతే రెస్ట్‌ను కొద్దికొద్దిగ జరుపు.