కమాండ్ ప్రాంప్ట్ డీ డ్రైవ్‌కు మారకపోవడం: సమాధానం

విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌లో, ఫోల్డర్ మార్చే సీడీ (cd) ఆదేశంతో డీ డ్రైవ్‌లోని ఫోల్డర్ పేరు ఇచ్చినా, దోషసందేశమేదీ లేకుండా ప్రాంప్ట్ సీ డ్రైవ్‌లోనే నిలిచిపోతోందని రాశారు. మీ కంప్యూటర్‌లో లోపమేమీ లేదండి. విండోస్‌కు ముందున్న డాస్ వ్యవస్థ కాలం నుంచి వస్తున్న పద్ధతి ప్రకారం కమాండ్ ప్రాంప్ట్ ఒక్కొక్క డ్రైవ్‌కు ప్రస్తుత ఫోల్డర్‌ను విడివిడిగా గుర్తుంచుకుంటుంది కనుక, మీ ఆదేశం డీ డ్రైవ్‌కు చెందిన ఫోల్డర్‌ను మార్చింది గాని, మిమ్మల్ని ఆ డ్రైవ్‌లోకి తీసుకువెళ్లలేదు. ఇప్పుడు డీ అక్షరం, దాని పక్కనే కోలన్ టైపు చేసి ఎంటర్ నొక్కితే నేరుగా ఆ ఫోల్డర్‌లోకే చేరుకుంటారు. ఒకేసారి పని కావాలంటే సీడీ తర్వాత ఖాళీ విడిచి, ఫార్వర్డ్ స్లాష్, డీ చేర్చి, మళ్లీ ఖాళీ విడిచి ఫోల్డర్ చిరునామా ఇవ్వండి. చాలామంది ఇక్కడే తికమకపడతారు: స్లాష్ పక్కన ఉన్న డీ మీ డ్రైవ్ పేరు కాదు, ఏ డ్రైవ్‌కు వెళ్లాలన్నా అదే అక్షరం. విండోస్‌లోనే ఆదేశాలు టైపు చేసే మరో ప్రోగ్రామైన పవర్‌షెల్‌లో మాత్రం ఈ స్లాష్ డీ చెల్లదు. అక్కడ మామూలు సీడీయే డ్రైవ్‌ను కూడా మారుస్తుంది.