బావ పాత ల్యాప్‌టాప్ తెరిచే ముందు

అల్లుడూ,

నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి వదిలేసే సంగతి కాదనిపించి ఇలా తీరిగ్గా రాస్తున్నాను. బావ తన పాత ల్యాప్‌టాప్ నీకిచ్చేశారని, దానికి విండోస్ 11 ఎక్కదని షాపులో చెప్పారని, అందుకే మొత్తం తుడిచేసి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసి, దాని మీదే బ్లాగులు నడిపే వర్డ్‌ప్రెస్ పెట్టి సొంత బ్లాగు నడుపుతానని, వీలైతే రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కూడా కొంటానని, ఇదంతా ఈ సెలవుల్లోనే అయిపోవాలని రాశావు. చదువుతుంటే ఎంత సంతోషమేసిందో! అన్నీ చెయ్యి. కానీ ఆ "తుడిచేసి" అన్న మాట దగ్గర మాత్రం నాకు గుండె గుభేలుమంది.

తుడవకు. అందులో పదేళ్ళ ఫోటోలున్నాయి, నువ్వు చిన్నప్పుడు తాతయ్య ఒళ్ళో కూర్చుని అక్షరాలు దిద్దిన వీడియో ఉంది. అవన్నీ ఎప్పుడో ఫోన్లోకి వచ్చేశాయని బావ అంటారు, నిజంగా వచ్చాయో లేదో ఒక్కొక్కటీ తెరిచి చూసినవాళ్ళు మీ ఇంట్లో ఎవరూ లేరని నాకు తెలుసు. అందుకని పాత హార్డ్ డిస్కును అలాగే బయటికి తీసి, ఒక కవర్లో పెట్టి, పైన తేదీ రాసి బీరువాలో దాచు. దాని చోటులో ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు ఒకటి కొని పెట్టు, 256 జీబీది చాలు. డబ్బులు దండగ అనుకోకు, ఆ ల్యాప్‌టాప్ నత్తలా నడవడానికి సగం కారణం ఆ డిస్కే. నిమిషానికి 5400 సార్లు తిరిగే పళ్ళెం మీద ఒక చిన్న ముల్లు అటూ ఇటూ పరిగెత్తి ఏ ఫైలు ఎక్కడుందో వెతుక్కుంటుంది, ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. అదొక్కటి మారిస్తే చాలు, కొత్తది కొన్నావా అని బావే అడుగుతారు. ఏదైనా తేడా వస్తే బీరువాలో డిస్కు మళ్ళీ బిగించుకుంటే ఉన్నదున్నట్టు నిన్నటి ల్యాప్‌టాప్ నీ చేతికొచ్చేస్తుంది. ఇలా వెనక్కి వచ్చే దారి ఒకటి ఉంచుకున్నాకే నేను ఏ ప్రయోగమైనా మొదలుపెడతాను.

తెరిచేటప్పుడు తొందరపడకు. చార్జరు తీసెయ్యి, బ్యాటరీ బయటికి వచ్చేదైతే అదీ తీసెయ్యి, తర్వాత పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి పట్టుకో. ఒక అట్టముక్క మీద ల్యాప్‌టాప్ అడుగు భాగం బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో ఆ చోటే అట్టకి గుచ్చి పెట్టు. అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ పొడవుల్లో తేడా ఉంటుంది, పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడవుది బిగిస్తే అది లోపలి బోర్డుకి గుచ్చుకుంటుంది. ఫ్యానులో దుమ్ము బ్రష్‌తో దులిపేటప్పుడు రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకో. బ్యాటరీ కాస్త ఉబ్బినట్టు కనిపించిందా, ఇక దాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, అక్కడే ఆపేసి నాకు ఫోన్ చెయ్యి. ర్యామ్ పెంచాలంటే పాత ముక్క మీద స్టిక్కరు చదవకుండా కొనకు. ఆ కాలం ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డీడీఆర్3ఎల్ రకం ర్యామ్ కావాలి, అది 1.35 వోల్టులది. చివర ఎల్ లేని మామూలు డీడీఆర్3ది 1.5 వోల్టులు. రెండూ చూడ్డానికి ఒకటే, స్లాటులోనూ చక్కగా కూర్చుంటాయి, మెషీన్ మాత్రం లేవకపోవచ్చు. ఎక్కడా దొరక్కపోతే చెప్పు, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి నేనే పట్టుకొస్తాను.

లినక్స్ ఏది వెయ్యాలని అడిగావు. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే రకం వెయ్యి, పాత మెషీన్ల మీద తేలిగ్గా నడుస్తుంది. మా రోజుల్లో ఉబుంటు అనే ఇంకో రకం లినక్స్ సీడీలు ఉచితంగా పోస్టులో ఇంటికే పంపేవాళ్ళు, 2011లో ఆపేశారు గానీ అంతకుముందు ఆ కవరు కోసం వారాల తరబడి ఎదురుచూసేవాళ్ళం, నీకు పెన్‌డ్రైవ్ చాలు. అయితే దాంతో బూట్ అవగానే ఇన్‌స్టాల్ నొక్కెయ్యకు, ఒక పూటంతా పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూడు. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, మూత వేసి తీస్తే మళ్ళీ లేస్తోందా, ఇవి చూసుకో. పాత ల్యాప్‌టాప్‌లలో వైఫై డ్రైవర్ దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. డ్రైవర్ దింపుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. అలాంటప్పుడు ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్, అంటే ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌తో పంచుకోవడం, ఆన్ చెయ్యి, పని అయిపోతుంది.

ఇక ముఖ్యమైన మాట. ఒక వంద పేజీల నోటుబుక్కు కొనుక్కో. కంప్యూటర్లో ఫైలు కాదు, కాగితం పుస్తకమే, ఎందుకంటే అది అవసరం పడేది కంప్యూటర్ లేవనప్పుడే. తేదీ, ఏం మార్చావు, మార్చకముందు ఎలా ఉంది, మార్చాక ఏమైంది, ఈ నాలుగే రాయి. ఒకసారికి ఒక్కటే మార్చు. ర్యామ్, డిస్కు, ఆపరేటింగ్ సిస్టమ్ మూడూ ఒకే సాయంత్రం మార్చేసి స్క్రీన్ నల్లగా ఉండిపోతే తప్పు ఎక్కడుందో దేవుడికి కూడా తెలియదు.

నోటుబుక్కు ఎందుకు అంటున్నానో ఒక సంగతి చెప్తాను. మా కింది వాటాలో ఒకాయన డెస్క్‌టాప్‌లో ఉన్నట్టుండి ఏ సైటూ తెరుచుకోలేదు, ప్రతిదానికీ కనెక్షన్ సురక్షితం కాదని వచ్చేది. బ్రౌజర్ తీసి మళ్ళీ వేశాను, యాంటీవైరస్ తీసేశాను, రౌటర్ రీసెట్ చేశాను. మూడు గంటలు గడిచాక మూలన గడియారం చూస్తే 2009 జనవరి 1. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది, కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోంది. సైటు అసలుదేనని చూపే సర్టిఫికెట్లు ఇంకా పుట్టని కాలంలో ఆ కంప్యూటర్ కూర్చుని ఉంది మరి, వాటిని ఎలా నమ్ముతుంది? ఆ మూడు వోల్టుల బిళ్ళ మారిస్తే అన్నీ తెరుచుకున్నాయి. ఆరేడు నెలల తర్వాత ఇంకొకరి ఇంట్లో అదే గోల వస్తే, నోటుబుక్కులో రాసి ఉంది కాబట్టి ముందు గడియారమే చూశాను. నీ ల్యాప్‌టాప్ కూడా ఆ వయసుదే, బ్యాటరీ సంగతి గుర్తుంచుకో.

బ్లాగు దగ్గరికి వద్దాం. ఇది నాకు బాగా దెబ్బ తగిలిన చోటు, అందుకని కాస్త నిదానంగా చెప్తాను.

2008లో నా బ్లాగుని ఒక హోస్టింగ్ (బ్లాగుని ఉంచే అద్దె సర్వర్) నుంచి ఇంకో హోస్టింగ్‌కి మార్చాను. మార్చి తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. తల మీద గీత ఉన్న ఇంగ్లీషు ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ ఏ, ప్లస్ కింద మైనస్, పేజీ నిండా అవే. రాత్రంతా నిద్ర లేదు. తర్వాత తెలిసింది ఏమిటంటే, అన్ని భాషల అక్షరాలూ దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడతాయి, అప్పటి డేటాబేసులు మనం చెప్పకపోతే లాటిన్1 అనే పడమటి యూరప్ అక్షరాల పద్ధతి పెట్టుకునేవి. పాత చోట దాచేటప్పుడూ ఇచ్చేటప్పుడూ అదే పొరపాటు జరిగేది కాబట్టి పైకి తెలుగు శుభ్రంగా కనిపించేది. కొత్త చోట వర్డ్‌ప్రెస్ యూటీఎఫ్-8 అని సరిగ్గా అడిగేసరికి ఆ మూడు బైట్లూ మూడు యూరప్ అక్షరాలుగా బయటపడ్డాయి. అంటే అక్షరాలు పోలేదు, వాటి మీద చీటీ తప్పు అంటించి ఉంది. డేటాబేసుని లాటిన్1గానే బయటికి తీసి, ఫైలులో ఆ పేరు ఉన్నచోట యూటీఎఫ్-8 అని మార్చి, లోపలికి ఎక్కిస్తే తెలుగంతా తిరిగొచ్చింది.

కానీ అన్నీ రాలేదు. మార్చే హడావుడిలో జాగ్రత్త కోసమని ఓ ముప్పై పోస్టుల్ని విడిగా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టుకుని, బ్లాగులోంచి తీసేశాను, కొత్త చోట కాస్త సరిదిద్ది పెడదామని. సేవ్ నొక్కితే యూనికోడ్ అక్షరాలు పోతాయని ఒక హెచ్చరిక వచ్చింది. చదవలేదు, ఓకే కొట్టాను. తెరిస్తే ప్రతి అక్షరం చోట ఒక ప్రశ్న గుర్తు. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకో అల్లుడూ: పిచ్చి యూరప్ అక్షరాలు కనిపిస్తే భయపడకు, అసలు బైట్లు లోపల ఉన్నాయి, ఏదీ ముట్టుకోకుండా ముందు ఒక కాపీ తీసుకో. ప్రశ్న గుర్తులు కనిపించాయంటే మాత్రం ఆ ఫైలులో ఇక ఏమీ లేదు. ఆ ముప్పైలో మీ తాతయ్య చెప్తుంటే నేను రాసుకున్న ఊరి చెరువు కబుర్లు పదకొండు ఉన్నాయి. ఆయన పోయారు, ఇప్పుడు ఎవరిని అడగను?

అందుకని నువ్వు రాసేది ఒక చోట, ప్రయోగాలు ఒక చోట ఉండాలి. జనం చదివే బ్లాగు మామూలు హోస్టింగ్‌లో ఉండనీ. ఇంటి నెట్ కనెక్షన్లలో చాలావాటికి బయటివాళ్ళు చేరుకోగలిగే పబ్లిక్ ఐపీ అడ్రసు విడిగా రాదు, కరెంటు పోతుంది, ఇంటి నెట్‌వర్క్‌కి తలుపు తీసి పెట్టినట్టూ అవుతుంది. ల్యాప్‌టాప్‌లో అదే బ్లాగుకి ఒక నకలు పెట్టుకుని థీములు (బ్లాగు రూపాన్ని మార్చేవి), ప్లగిన్లు (అదనపు సౌకర్యాలు ఇచ్చేవి) అన్నీ అక్కడ చింపి చూడు. థీములోని ఫంక్షన్స్ అనే కోడ్ ఫైల్లో ఒక్క సెమికోలన్ మర్చిపోతే పేజీ పడిపోతుంది. అసలు సైట్లో అయితే 2019 నుంచి వర్డ్‌ప్రెస్సే రికవరీ లింకు మెయిల్ చేస్తోంది, ల్యాప్‌టాప్ నుంచి మెయిల్ పోదు కాబట్టి ఆ లింకు రాదు. అప్పుడు ఆ థీము ఫోల్డరు పేరు మార్చు, లేదా ప్లగిన్ల ఫోల్డరు పేరు మార్చు, అడ్మిన్ తెరుచుకుంటుంది.

ఒక్క చోట మాత్రం చాలా జాగ్రత్త. అసలు బ్లాగు డేటాబేసుని ల్యాప్‌టాప్‌లోకి దింపితే, అందులో సైటు అడ్రసు అసలుదే ఉంటుంది. నువ్వు ల్యాప్‌టాప్ నకల్లో ఉన్నాననుకుని లాగిన్ నొక్కితే అది నిన్ను నేరుగా అసలు బ్లాగుకి పట్టుకెళ్ళిపోతుంది, నువ్వు నకలనుకుని డిలీట్ కొడితే పోయేది అసలు పోస్టు. కాన్ఫిగ్ ఫైల్లో సైటు అడ్రసులు రెండింటినీ లోకల్‌హోస్ట్‌గా, అంటే ఈ ల్యాప్‌టాప్ అడ్రసుగా, మార్చాకే తెరువు, ఏదైనా తీసేసే ముందు పైన అడ్రస్ బార్ చదువు.

బ్యాకప్ అంటే చాలామంది డేటాబేసు ఒక్కటి తీసి పెట్టుకుంటారు. బొమ్మలు అందులో ఉండవు, అవి అప్‌లోడ్స్ ఫోల్డరులో ఉంటాయి. రెండూ తీసుకో. నెలకోసారి ఆ బ్యాకప్‌ని ల్యాప్‌టాప్‌లో నిజంగా ఎక్కించి, పాత పోస్టు ఒకటి తెరిచి తెలుగు, ఫోటో రెండూ వస్తున్నాయో లేదో కళ్ళారా చూడు. నువ్వు ల్యాప్‌టాప్‌లో సర్వర్ పెట్టుకోవడం వల్ల వచ్చే పెద్ద లాభం ఇదేనని నా అభిప్రాయం.

తెలుగులో రాస్తావు కాబట్టి ఇంకో రెండు. చాలా థీములు ఇంగ్లీషుని దృష్టిలో పెట్టుకుని చేసినవి, వరుసల మధ్య చోటు తక్కువ. "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి" రాసి చూడు, కింది ఒత్తులు కింది వరుస గుడుల్ని ఢీకొంటాయి. లైన్ హైట్ 1.7 దాకా పెంచు, కంటికి హాయిగా ఉంటుంది. పోస్టు లింకులో తెలుగు పెడితే ఒక్కో అక్షరం శాతం గుర్తులతో తొమ్మిది గుర్తులవుతుంది, వర్డ్‌ప్రెస్ అక్కడ దాచేది 200 దాకానే, అంటే ఇరవై రెండు అక్షరాలకి తోక తెగిపోతుంది, గుణింతాలూ ఒత్తులూ కూడా లెక్కలోకే వస్తాయి. లింకు ఇంగ్లీషులో పొట్టిగా రాసుకో, శీర్షిక తెలుగులో ఎంత పొడవైనా ఉండనీ. టైపింగ్‌కి లినక్స్‌లోని ఐబస్ అనే సాధనంలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ కూడా ఉంది గానీ, నువ్వు చిన్నవాడివి, నేరుగా తెలుగు అక్షరాలే కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకో. పది రోజులు వేళ్ళు విసుగు పుట్టిస్తాయి, తర్వాత విండోస్ అయినా లినక్స్ అయినా అదే కీబోర్డు.

రాస్‌ప్‌బెర్రీ పై సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే అది ఇప్పుడే కొనక్కర్లేదు. 2012లో మొదటిది 35 డాలర్లకి, 256 ఎంబీ ర్యామ్‌తో వచ్చినప్పుడు అదొక అద్భుతం, ఇప్పటికీ సెన్సర్లు, లైట్లు, చిన్న మోటార్లతో ఆడుకోవడానికి అంత మంచిది ఇంకోటి లేదు. ఉత్త సర్వర్ కోసమైతే నీ ల్యాప్‌టాపే నయం, దానికి స్క్రీను ఉంది, బ్యాటరీ బాగుంటే కరెంటు పోయినా కాసేపు నిలబడుతుంది. పై కొన్నప్పుడు మాత్రం ఫోన్ చార్జరుతో నడపకు. స్క్రీన్ మూలన మెరుపు గుర్తు వస్తే వోల్టేజీ చాలట్లేదని అర్థం. పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. రాస్తుండగా కరెంటు పోతే మెమరీ కార్డు పాడవుతుంది, కాబట్టి పోగొట్టుకోకూడనిది ఏదీ ఆ కార్డులో ఒక్కదాంట్లోనే ఉంచకు. ఇందాకటి గడియారం సంగతి ఇక్కడా వస్తుంది: పై 4 వరకూ అందులో టైము గుర్తుంచుకునే గడియారమే లేదు, లేవగానే నెట్ నుంచి తెచ్చుకుంటుంది, నెట్ లేకపోతే తేదీ తప్పు చూపిస్తుంది. సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే ఏం చూడాలో నీకు ఇప్పుడు తెలుసు.

నేను ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను. అడుగున ఉన్న మోడల్ నంబరు స్టిక్కరు ఒకటి, ర్యామ్ ముక్క మీది స్టిక్కరు ఒకటి ఫోటో తీసి పంపు, అవి చూశాకే ఏం కొనాలో చెప్తాను. పాత డిస్కు తీసేటప్పుడు వీడియో కాల్ చెయ్యి, బావని కూడా పక్కన కూర్చోబెట్టుకో. కవరు మీద తేదీ ఆయన చేతే రాయించు.

మీ మామయ్య