పేరు రాసే ముందు కుర్చీ తిరగేసి చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. టేకు కుర్చీ, పేము అల్లిక, తిరగేసిన ‘వి’ అక్షరం లాంటి కాళ్ళు. ‘పియర్ జానెరె, చండీగఢ్’ అని రాసి అమ్మకానికి పెడతానన్నావు. ఆ పేరు మాత్రం ఇప్పుడే రాయకు నాయనా.

జానెరె స్విట్జర్లాండ్ ఆర్కిటెక్టు, 1951లో చండీగఢ్ వచ్చి 1965 దాకా అక్కడే ఉన్నాడు. ఆ కొత్త నగరంలో ఆఫీసులకు, హైకోర్టుకు, యూనివర్సిటీకి కుర్చీలు, బల్లలు వేలల్లో చేయించారు. వేర్వేరు వర్క్‌షాపుల్లో మన వడ్రంగులే చేశారు కాబట్టి అసలువాటిలోనే కొలతల తేడాలుంటాయి. డిజైన్లు కూడా ఆయన ఒక్కడివే కావు. యూలీ చౌధురి లాంటి మన ఆర్కిటెక్టులూ ఆ పనిలో ఉన్నారు. అమ్మేటప్పుడు ఆవిడ పేరు ఎవరికీ గుర్తురాదు, అది నాకు ఎప్పుడూ బాధే.

తర్వాత వాటిని పాత సామాను కింద వేలం వేస్తే విదేశీ డీలర్లు పట్టుకెళ్ళారు. అక్కడ లక్షలు పలికేసరికి ఇక్కడ నకళ్ళు మొదలయ్యాయి.

నేనూ ఒకసారి మోసపోయాను. కుర్చీ వెనక తెల్ల పెయింటుతో డిపార్ట్‌మెంటు పేరు, నంబరు ఉన్నాయి. ఇంకేం కావాలి అనుకుని డబ్బు కట్టేశాను. ఇంటికొచ్చి తడిగుడ్డతో తుడిస్తే దుమ్ముతో పాటు అక్షరాలూ ఊడొచ్చాయి. మురికి పట్టించి, దాని మీద రాశారన్నమాట. అప్పటికే ఒకాయనకు ఇస్తానని అడ్వాన్సు తీసుకున్నా. తిరిగిచ్చేసి జరిగింది చెప్పాను. ఆ రోజు పడ్డ టెన్షన్ నీకు వద్దు.

కుర్చీని పగటి వెలుతురులో బోర్లించి చూడు. చెయ్యి ఆనేచోట నునుపుదేలి, కాళ్ళ అడుగు మాత్రం కొత్తగా ఉంటే అనుమానించు. పేము దూర్చిన రంధ్రాల అంచులు వేలితో తడిమి చూడు. పదునుగా తగిలితే ఈమధ్య తొలిచినవే. ముదురు రంగు గీరితే కింద తెల్లటి చెక్క కనబడుతుందేమో కూడా చూడు, కనబడితే అదీ అనుమానమే.

ఒకవేళ అసలుదే అయితే ఇంకో చిక్కుంది. ఈ వారసత్వ సామాను అమ్మకూడదని, ఎగుమతి చేయకూడదని 2011లో కేంద్ర హోంశాఖ ఆదేశాలిచ్చింది. అందుకే ఆఫీసు నుంచి ఎలా బయటికొచ్చిందో వేలం కాగితం అడుగు. అది లేకపోతే ‘చండీగఢ్ తరహా టేకు కుర్చీ, చేసినవారు తెలియదు’ అని రాయి. ‘అట్రిబ్యూటెడ్ టు’ (ఫలానావారిదని అనుకుంటున్నాం) అని తప్పించుకోకు, చాలామంది కొనేవాళ్ళు అది చదివి రుజువుందనే అనుకుంటారు. ధర తగ్గుతుంది, తగ్గనీ.

నీకు అమ్మినవాడు రసీదు ఇచ్చాడా? ఉంటే ఫొటో పెట్టు. ఆదివారం టార్చి తీసుకుని నేనే వస్తాను, అందాకా దానికి పాలిష్ పెట్టించకు.

మీ మామయ్య