పాఠకుల ప్రశ్నలు: దిద్దిన ఫైలుకు కొత్త చిరునామా ఎందుకు?

ప్రశ్న: మా తాతగారి వ్యాసాలను టైపు చేసి, 3 మెగాబైట్ల టెక్స్ట్ ఫైలుగా, చాలామంది కంప్యూటర్లు కలిసి ఫైళ్లను పంచుకునే నెట్‌వర్కు అయిన ఐపీఎఫ్‌ఎస్‌లో ఎక్కించాను. అచ్చుతప్పులు దిద్ది మళ్లీ ఎక్కిస్తే వేరే చిరునామా వచ్చింది. పాత లంకెలో తప్పులు అలాగే ఉన్నాయి. పాతదాన్ని చెరిపేయవచ్చా?

జవాబు: ఐపీఎఫ్‌ఎస్‌లో చిరునామా ఫైలు ఉన్న చోటును కాక, అందులోని విషయాన్నే సూచిస్తుంది. విషయం నుంచి గణించిన ముద్రే ఆ చిరునామా కాబట్టి, ఒక్క అక్షరం మారినా అది మారుతుంది. మార్పు లేని ఫైలును అవే అమరికలతో ఎన్నిసార్లు ఎక్కించినా పాతదే వస్తుంది.

ఫైలును 256 కిలోబైట్ల చొప్పున కోసే అమరికలో మీది 12 ముక్కలవుతుంది. ‘ష’ను ‘శ’గా దిద్దితే, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో రెండూ మూడేసి బైట్లే గనుక, ఆ ఒక్క ముక్కే మారి మిగిలిన 11 రెండు ప్రతులకూ ఉమ్మడిగా ఉంటాయి. మొదటి పేజీలో ఒక అక్షరం కొత్తగా చేర్చారా, తరువాతి ముక్కలన్నీ జరిగిపోతాయి.

పాత ప్రతికి పిన్ (చెరిగిపోకుండా ఉంచే గుర్తు) తీసేసి చెత్త ఊడ్చే ఆదేశమిస్తే మీ కంప్యూటరులోంచి పోతుంది గానీ, ఇతరులు దాచుకున్న ప్రతిపై మీకు అధికారం లేదు. అందుకే సొంత విషయాలను ఎక్కించే ముందు బాగా ఆలోచించమని కోరుతున్నాను.

పాఠకులకు, చిరునామా మారినా తాను మారని ఐపీఎన్‌ఎస్ పేరు ఇవ్వండి. దిద్దిన ప్రతిసారీ ఆ పేరును కొత్త చిరునామాకు మళ్లించవచ్చు. పాత చిరునామాలను మాత్రం తేదీలతో రాసిపెట్టుకోండి; ప్రతుల చరిత్రను ఐపీఎన్‌ఎస్ దాచిపెట్టదు.