నాట్ ఓన్లీ, బట్ ఆల్సో: ఏది ఎక్కడ పెట్టాలి?

"హీ నాట్ ఓన్లీ స్పీక్స్ తెలుగు బట్ ఆల్సో తమిళ్" అని రాస్తే పరీక్షలో తప్పు పెట్టారు, అర్థమవుతోంది కదా, ఎందుకు తప్పు అని మీరు అడిగారు. ఒంగోల్లో డిగ్రీ పిల్లలకీ, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లకీ ఇంగ్లీషు చెబుతుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఈ జంట పదాల దగ్గరే చాలామంది ఆగిపోతారు.

ముందు మీ మనసులో ఉన్న తెలుగు వాక్యం చూడండి. "వాడు తెలుగే కాదు, తమిళం కూడా మాట్లాడతాడు." జతపడినవి రెండు భాషలు. మాట్లాడటం ఒక్కటే. మనకు "ఏ కాదు", "కూడా" ఆయా మాటల వెనకే అంటుకుని వస్తాయి కాబట్టి తికమక లేదు. ఇంగ్లీషులో అవి మాటకు ముందు నిలబడతాయి. తెలుగులో దేనికి అంటుకున్నాయో చూసుకుని ఇంగ్లీషులో సరిగ్గా దాని ముందు పెట్టండి: "హీ స్పీక్స్ నాట్ ఓన్లీ తెలుగు బట్ ఆల్సో తమిళ్." మీ వాక్యంలో మొదటిదాని తర్వాత క్రియ, రెండోదాని తర్వాత భాష పేరు వచ్చాయి. మార్కు పోయింది అక్కడే. పనులు రెండైతే మీరు పెట్టిన చోటే సరైనది: "హీ నాట్ ఓన్లీ స్పీక్స్ తమిళ్ బట్ ఆల్సో రైట్స్ ఇట్."

ఐదర్, ఆర్ కూడా ఇంతే. నెల్లూరుకి బస్సులోనో రైల్లోనో వెళ్లొచ్చు అనాలంటే "ఐదర్ బై బస్ ఆర్ బై ట్రైన్". ఒకే "బై" చాలనుకుంటే దాన్ని ఐదర్‌కి ముందే పెట్టేయండి. ఇంగ్లీషు సొంత భాషైనవాళ్లు కూడా మాటల్లో "యూ కెన్ ఐదర్ గో బై బస్ ఆర్ బై ట్రైన్" అనేస్తారు. అందుకే ఇంటర్వ్యూలో దీని గురించి టెన్షన్ పడి మాట మధ్యలో ఆపేయొద్దు. రాతలో మాత్రం సరిచూసుకోండి.

అసలు కష్టం నాట్ ఓన్లీ వాక్యం మొదట్లోకి వచ్చినప్పుడు. లేదు, కాదు అనే అర్థమున్న మాట ముందుకొస్తే సహాయక క్రియ కర్తను దాటి ముందుకు వస్తుంది, ప్రశ్నలో వచ్చినట్టే: "నాట్ ఓన్లీ డిడ్ ఇట్ రెయిన్, బట్ ద పవర్ ఆల్సో వెంట్ ఆఫ్." మారేది మొదటి సగమే. అయితే నాట్ ఓన్లీ కర్తకే సంబంధించినదైతే ఏమీ మారదు: "నాట్ ఓన్లీ ఒంగోల్ బట్ ఆల్సో నెల్లూర్ గాట్ రెయిన్." బాగా చదివే పిల్లలు కూడా ఇక్కడ అనవసరంగా "డిడ్" తెచ్చిపెడతారు.

పినాకిని రైలు కావలి దాటిందో లేదో వాన మొదలైంది అంటాం కదా, అది "నో సూనర్ హ్యాడ్ ద పినాకిని క్రాస్డ్ కావలి దాన్ ఇట్ బిగాన్ టు రెయిన్". నో సూనర్‌కి జంట "దాన్", హార్డ్లీకి "వెన్". ఇవి కలిపేసుకోకండి.

నైదర్, నార్ కర్తల దగ్గర వస్తే పరీక్షల్లో క్రియ దగ్గరున్న కర్తను బట్టి ఉండాలి: "నైదర్ ద స్టూడెంట్స్ నార్ ద టీచర్ వాజ్ దేర్." ఇద్దరూ రాలేదు అనడానికి "బోత్ డిడ్ నాట్ కమ్" అనొద్దు, ఒకరు వచ్చారేమో అనే అనుమానం మిగులుతుంది. "నైదర్ ఆఫ్ దెమ్ కేమ్" అనండి. ఇక ఆల్దో పెట్టిన వాక్యంలో మళ్లీ బట్ పెట్టకండి, రెండిట్లో ఒకటే ఉండాలి.